డ్రైవ్ షాఫ్టు మార్చాక కారు వణుకుతుంటే లోపం ఎలా పట్టుకోవాలి

కొత్త డ్రైవ్ షాఫ్టు వేశారు. మలుపుల్లో వినిపించే టకటక శబ్దం పోయింది. కానీ కారు వేగం అందుకోగానే ఇంతకుముందు లేని వణుకు మొదలైంది. ఇలాంటప్పుడు చాలామంది రెండింట్లో ఒకటి చేస్తారు. కొత్త షాఫ్టులోనే లోపం ఉందని తీర్మానించి మళ్లీ విప్పేస్తారు. లేదంటే షాఫ్టు కొత్తది కాబట్టి దానికి సంబంధం లేదనుకుని చక్రాల బ్యాలెన్సింగుకు పరుగెత్తుతారు. రెండూ తొందరపాటే. వణుకు ఏ వేగంలో వస్తోంది, యాక్సిలరేటర్ నొక్కినప్పుడా వదిలినప్పుడా, సెకనుకు ఎన్నిసార్లు అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోతుంది. స్పానర్ పట్టుకోవడం ఆ తర్వాతి పని.

అసలు ఈ కారును రోడ్డు మీదకు తీయవచ్చా?

పరీక్షించే ముందు కారు కిందకు ఒకసారి తొంగి చూడండి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన చారలు ఉన్నా, గేర్‌బాక్సు దగ్గర నూనె కారుతున్నా, నడిపేటప్పుడు లోహం రాసుకుంటున్న శబ్దం వచ్చినా, వణుకు కిలోమీటరు కిలోమీటరుకీ పెరుగుతున్నా ఆ కారును నడపకండి. వదులైన హబ్ నట్టు (షాఫ్టు చివరను చక్రం కూర్చునే హబ్బుకు పట్టి ఉంచేది), సరిగా కూర్చోని జాయింటు, బిగించడం మరచిపోయిన బాల్ జాయింటు నట్టు కూడా మొదట్లో వణుకు రూపంలోనే బయటపడవచ్చు. వీటిని కదలని కారులోనే తేల్చుకోవాలి.

కారు కిందికి వెళ్లాల్సిన ప్రతిసారీ సమతలమైన గట్టి నేల, చక్రాలకు అడ్డు దిమ్మెలు, బరువు మోయడానికి స్టాండ్లు ఉండాలి. జాకీ ఉన్నది కారును ఎత్తడానికే, దాన్ని నమ్మి కిందకు దూరకూడదు.

మీది ఏ రకం షాఫ్టు?

డ్రైవ్ షాఫ్టు అనే పేరుతో రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తారు. ముందు చక్రాలకు శక్తి వెళ్లే కార్లలో గేర్‌బాక్సు నుంచి ఒక్కో చక్రానికి వెళ్లే పొట్టి షాఫ్టు ఒకటి. దానికి రెండు చివర్లా రబ్బరు బూట్లలో సీవీ జాయింట్లు, అంటే వంగి కూడా ఒకే వేగంతో తిరిగే కీళ్లు ఉంటాయి. వెనుక చక్రాలకు శక్తి వెళ్లే బండ్లలో గేర్‌బాక్సు నుంచి వెనుక డిఫరెన్షియల్ (శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వరకు కారు పొడవునా సాగే గొట్టం రెండోది. దీన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అనీ అంటారు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే వాటిలో రెండు రకాలూ ఉంటాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పొట్టి షాఫ్టు చక్రంతో సమానంగా తిరుగుతుంది. పొడవాటి షాఫ్టు తిరిగే వేగం డిఫరెన్షియల్ నిష్పత్తిని బట్టి చక్రం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. వంద కిలోమీటర్ల వేగంలో పొట్టి షాఫ్టు నిమిషానికి 900 చుట్లలోపే తిరుగుతుంటే పొడవాటిది 3,500 దాకా తిరుగుతుంది. తిరిగే వేగం రెట్టింపైతే బ్యాలెన్స్ తప్పిన బరువు లాగే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే పొడవాటి షాఫ్టులో చిన్న బ్యాలెన్స్ లోపం కూడా కారంతటినీ అదరగొడుతుంది. పొట్టి షాఫ్టులో అదే లోపం తెలియనే తెలియదు. ముందు చక్రాల కారు తెచ్చి షాఫ్టు బ్యాలెన్సింగ్ చేయమని అడిగేవాళ్లను చూస్తే ఆ డబ్బు మరో పనికి ఉంచుకోమని చెప్పాలనిపిస్తుంది. పొట్టి షాఫ్టులో వెతకాల్సింది బ్యాలెన్స్ కాదు. జాయింటు, పొడవు, అది కూర్చున్న తీరు.

రోడ్డు పరీక్ష

రద్దీ లేని, చదునైన, నున్నటి రోడ్డు ఎంచుకోండి. టైర్లలో గాలి సరిచూసుకుని, అవి వేడెక్కేదాకా కొంత దూరం నడపండి. పక్కన ఇంకొకరు కూర్చుని రాసుకుంటే మంచిది. ఒంటరిగా వెళ్తే కారు ఆపాకే రాసుకోండి. వేగం మెల్లగా పెంచుతూ వణుకు ఎక్కడ మొదలైంది, ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ తగ్గింది అన్నది గమనించండి. ఎక్కడ తెలుస్తోందో కూడా చూడండి. స్టీరింగ్ చేతుల్లో ఊగుతుంటే ముందు చక్రాల వైపు, సీటూ నేలా అదురుతుంటే వెనుక వైపో పొడవాటి షాఫ్టు వైపో అనుమానించాలి. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

తర్వాత ఈ నాలుగూ చేయండి.

1. వణుకు బాగా తెలిసే వేగంలో యాక్సిలరేటర్ వదిలేయండి. వెంటనే మాయమైతే అది ఇంజన్ లాగుతున్నప్పుడు మాత్రమే వచ్చే వణుకు. జాయింట్లు, వాటి కోణాలు, ఇంజన్ మౌంటింగులు (ఇంజన్‌ను మోసే రబ్బరు ఆధారాలు) ముందు వరుసలోకి వస్తాయి. వదిలినా అలాగే ఉంటే చక్రాలు, టైర్లు, హబ్బులు, పొడవాటి షాఫ్టు బ్యాలెన్స్.

2. అదే వేగంలో గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి కారును దొర్లనివ్వండి. ఇంజన్ చుట్లు పడిపోయినా వణుకు ఉందంటే ఇంజన్‌ను అనుమానితుల జాబితాలోంచి తీసేయవచ్చు. ఇగ్నిషన్ మాత్రం ఆపకూడదు. ఆపితే స్టీరింగుకూ బ్రేకుకూ సాయం పోతుంది, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ ఉంది. ఆటోమేటిక్ గేర్ల కారులో లీవర్ రివర్సులోకో పార్కులోకో జారకుండా చూసుకోండి. దిగుడు రోడ్డు మీద ఈ పరీక్ష వద్దు.

3. అదే వేగాన్ని ఒక గేరు పైన, ఒక గేరు కింద పట్టి చూడండి. గేరు మారినా వణుకు అదే కిలోమీటర్ల దగ్గర వస్తుంటే అది కారు వేగానికి కట్టుబడినది. ఇంజన్ చుట్లతో పాటు జరిగితే ఇంజన్‌కో క్లచ్చుకో సంబంధించినది.

4. కారు ఆపి, బ్రేకు గట్టిగా నొక్కి, ఆటోమేటిక్ అయితే డీ (డ్రైవ్)లో పెట్టండి. నిలబడి ఉన్న కారు వణికితే అందులో చక్రాల, షాఫ్టు బ్యాలెన్స్ ప్రసక్తే లేదు, అవేవీ తిరగడం లేదు కదా. దీని సంగతి తర్వాత చూద్దాం.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ ఊగితే అది డిస్కు మాట. షాఫ్టు మార్చడానికి డిస్కు తీసి ఉంటే, అది తిరిగి సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు.

కాస్త లెక్క

ఈ లెక్క చేయడానికి బద్ధకించకండి. టైరు మీద 185/65 ఆర్15 అని ఉందనుకుందాం. దాని చుట్టుకొలత, బరువు కింద కొద్దిగా నొక్కుకోవడం కూడా కలుపుకుంటే, దాదాపు 1.9 మీటర్లు. కిలోమీటర్లలో వేగాన్ని 3.6తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి, దాన్ని 1.9తో భాగిస్తే సెకనుకు చక్రం తిరిగే చుట్లు. 80 కిలోమీటర్ల వేగంలో దాదాపు 12 చుట్లు. 100లో దాదాపు 15.

80 కిలోమీటర్ల వేగంలో వణుకు సెకనుకు 12 సార్లు వస్తుంటే, అంటే చక్రం ఒక చుట్టుకు ఒకసారి, అది టైరు, రిమ్ము, హబ్బు లేదా డిస్కు. చుట్టుకు మూడుసార్లు, అంటే 36 అయితే, ముందు చక్రాల కారులో లోపలి జాయింటును, అంటే గేర్‌బాక్సు వైపు దాన్ని అనుమానించండి. చాలా కార్లలో ఆ జాయింటులో మూడు రోలర్లు ఉంటాయి కాబట్టి ప్రతి చుట్టుకూ మూడు తోపులు వస్తాయి. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయిన బండిలో సెకనుకు 47 దగ్గర వస్తుంటే పొడవాటి షాఫ్టు బ్యాలెన్స్. దానికి రెట్టింపు, 94 దగ్గర వస్తుంటే క్రాస్ జాయింట్ల (పొడవాటి షాఫ్టు చివర్ల ఉండే కూడలి ఆకారపు కీళ్ల) కోణం.

సెకనుకు 12ను చేతులు ఊపుగా గుర్తిస్తాయి, స్టీరింగ్ కదలడం కంటికి కనిపిస్తుంది. 47ను చూడలేం, పాదాల కింద జిల్లుమనే అదురుగా, చెవిలో మోతగా తెలుస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే కదలికను కొలిచే అప్లికేషన్ ఉన్న ఫోనును సీటు పట్టాల దగ్గర గట్టిగా అమర్చి చూడవచ్చు. ఒక జాగ్రత్త. ఫోను సెకనుకు 100 సార్లు మాత్రమే కొలిచేదైతే 50కి మించిన వణుకును అది నిజంగా చూడలేదు. ఇంకేదో తప్పు అంకె చూపిస్తుంది. అద్దం మీద అతికించిన హోల్డర్‌లో పెడితే హోల్డర్ వణుకును కొలిచినట్టవుతుంది.

చేయి పెట్టిన చోట్లన్నీ మళ్లీ చూడండి

ఏ వర్క్‌షాపులోనైనా నేను మొదట అడిగేది ఇదే: షాఫ్టు తీయడానికి ఇంకా ఏమేం విప్పారు? చక్రం, క్యాలిపర్, కొన్నిసార్లు డిస్కు, టై రాడ్ చివర, లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు, హబ్ నట్టు. కొన్ని కార్లలో ఇంజన్ మౌంటింగు కూడా. నిన్నటిదాకా లేని వణుకు ఈరోజు వచ్చిందంటే కొత్త షాఫ్టుతో పాటు వీటన్నిటికీ అందులో భాగం ఉండవచ్చు.

చక్రంతో మొదలుపెట్టండి. రిమ్ము లోపలి వైపు బ్యాలెన్సింగ్ బరువు ఊడిన గుర్తుందేమో చూడండి. బరువు అంటుకున్న చోట శుభ్రమైన దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. లోపల మట్టి గడ్డకట్టి ఉందా? చక్రం తీసి, హబ్బు ముఖాన్నీ డిస్కు లోపలి ముఖాన్నీ వేలితో తడమండి. తుప్పు పెచ్చు ఒక్కటి ఆ రెంటి మధ్య ఇరుక్కుంటే చాలు. హబ్బు దగ్గర పదోవంతు మిల్లీమీటరు వంకర, అంచుకు వెళ్లేసరికి కొన్ని రెట్లవుతుంది. తీగ బ్రష్షుతో రెండు ముఖాలూ తళుక్కుమనేదాకా రుద్దండి. చక్రాన్ని గాలిలో ఉండగానే కూర్చోబెట్టి, నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించి, కారు దించాక టార్క్ రెంచితో (బిగుతును కొలిచి చూపే రెంచితో) ముగించండి. గాలి మరతో ఒక పక్క నుంచి వరుసగా బిగించుకుంటూ పోయిన చక్రం వంకరగా కూర్చోవడం మామూలే.

చక్రం మీద ఇంకా అనుమానం ఉంటే ముందు చక్రాలను వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి నడపండి. నాలుగూ ఒకే కొలతవైతేనే సుమా. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే దోషి దొరికినట్టే, షాఫ్టు జోలికి పోనక్కర్లేదు.

తర్వాత హబ్ నట్టు. అంచును గాడిలోకి వంచి లాక్ చేసే రకమైనా, లోపల నైలాన్ వలయం ఉన్న రకమైనా పాత నట్టును మళ్లీ వాడకూడదు. దీని టార్కు చాలా కార్లలో 180 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు అంకెను సర్వీసు మాన్యువల్లోనే చూడాలి, అందాజుగా గట్టిగా తొక్కి వదిలేయకూడదు. నట్టు బిగించకుండా కారు బరువంతా చక్రం మీద పెట్టి అటూ ఇటూ తోసి ఉంటే చాలా కార్లలో బేరింగు దెబ్బతింటుంది. పాత షాఫ్టు రాక సుత్తితో బాది ఉన్నా అంతే. బేరింగు పోతే వేగంతో పెరిగే గుయ్‌మనే మోత వస్తుంది, కారును ఒక పక్కకు తిప్పినప్పుడు ఆ మోత పెరుగుతుంది, ఇంకో పక్కకు తిప్పితే తగ్గుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుందేమో చూడండి.

బాల్ జాయింటు, టై రాడ్, క్యాలిపర్ బోల్టులను ఒక్కొక్కటిగా టార్క్ రెంచితో సరిచూసి, చూసినదాని మీద పెయింటు గీత పెట్టండి. గుర్తు లేనిదంటే చూడనిది.

ముందు చక్రాల కారు: పొట్టి షాఫ్టు

మొదట లోపలి జాయింటు గేర్‌బాక్సులోకి పూర్తిగా దిగిందా అన్నది. స్ప్లైన్ల (జాయింటు చివర గేర్‌బాక్సులోకి దిగే పళ్ల) చివర ఉండే చిన్న సర్క్లిప్ (లాక్ చేసే తీగ వలయం) లోపలి గాడిలో పడినప్పుడు టక్కుమని చేతికి తెలుస్తుంది. పడిందో లేదో చూడటానికి జాయింటు కప్పును (రోలర్లు లోపల ఉండే లోహపు గిన్నెను) పట్టుకుని బయటకు లాగండి. షాఫ్టు కడ్డీని పట్టుకుని లాగకండి. కడ్డీ లాగితే రోలర్లు కప్పులోంచి జారి బయటకు వస్తాయి, కొత్త సమస్య కొని తెచ్చుకున్నట్టే. కప్పుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉన్న సందును రెండో పక్కతోనో, పాత షాఫ్టు తీయకముందు ఫోటో ఉంటే దానితోనో పోల్చండి. కొన్ని కార్లలో లోపలి జాయింటు ఫ్లాంజికి (బోల్టులు బిగించే గుండ్రటి పలకకు) ఆరు బోల్టులతో కలుస్తుంది. అక్కడ రెండు ముఖాల మధ్య గ్రీజూ మట్టీ పేరుకుంటే షాఫ్టు కేంద్రం తప్పి తిరుగుతుంది.

పాత షాఫ్టు ఇంకా పారేయలేదు కదా? దాన్నీ కొత్త షాఫ్టు వివరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు, స్ప్లైన్ల సంఖ్య, కడ్డీ మందం, ఏబీఎస్ పళ్ల చక్రం ఉంటే దాని పళ్ల సంఖ్య. ఒకే మోడలులో మాన్యువల్ గేర్లకూ ఆటోమేటిక్‌కూ, ఎడమకూ కుడికీ షాఫ్టులు వేరుగా ఉండవచ్చు. పొడవు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువైనా షాఫ్టు బిగుసుకుని ఎక్కుతుంది, కానీ గుంతలో చక్రం పైకి లేచినప్పుడు లోపలి జాయింటు అడుగును గుద్దుకుంటుంది.

పాత షాఫ్టు మధ్యలో రబ్బరు ఒరతో బిగించిన ఒక బరువు ఉందేమో చూడండి. అది కంపనాన్ని మింగడానికి తయారీదారు కావాలని పెట్టిన డ్యాంపరు. చవకైన బదులు షాఫ్టులలో కొన్నిటికి అది ఉండదు. కొన్నిటిలో ఉన్నా వేరే చోట ఉంటుంది. పాతదానికి ఉండి కొత్తదానికి లేకపోతే, ఇక వెతుకులాట ఆపి షాఫ్టును వెనక్కి ఇవ్వడం మేలు. ఇది నా అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం.

యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, ముఖ్యంగా 30 నుంచి 70 కిలోమీటర్ల మధ్య, కారు ముందు భాగం పక్కలకు జలదరించినట్టు ఊగి, కాలు తీయగానే ఆగిపోతే లోపలి జాయింటు వైపు చూడాలి. రోలర్లు నడిచే కాలువల్లో గుంత పడితే ఇలా అవుతుంది. పాత భాగాలను బాగుచేసి అమ్మే షాఫ్టుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కొత్త బూటు, కొత్త పెయింటు, లోపల పాత కాలువలు. షాఫ్టు తీసి, బూటు క్లిప్పు విప్పి, కప్పు లోపల గ్రీజు తుడిచి గోరుతో కాలువ పొడవునా గీసి చూడండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అదే. అయితే అంతదాకా వెళ్లే ముందు ఇంజన్ మౌంటింగులు చూడాలి. మౌంటింగు కుంగి ఇంజన్ కిందకు దిగితే జాయింటు కోణం పెరిగి, మంచి జాయింటు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. పాత షాఫ్టుతోనూ ఈ వణుకు కాస్త ఉండేదా అని గుర్తు చేసుకోండి. ఉండేదంటే మౌంటింగే అసలు రోగం, షాఫ్టు మారినా రోగం మారలేదు.

ఇప్పుడు నిలబడి డీలో వణికే కారు సంగతి. డీలో ఉన్న ఇంజన్ మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరిగి, ప్రతి పేలుడుకూ కాస్త కదులుతుంటుంది. లోపలి జాయింటు ఆ కదలికకు తగ్గట్టు సన్నగా జారాలి. కొత్త జాయింటు బిగుతుగా ఉంటే, గ్రీజు తక్కువగానో తప్పు రకంగానో ఉంటే ఇంజన్ వణుకు షాఫ్టు గుండా హబ్బుకు, అక్కడి నుంచి బాడీకి చేరుతుంది. న్యూట్రల్‌లో పెట్టగానే తగ్గుతుంది. పరీక్ష సులువే. చక్రాలు కొద్దిగా దొర్లేలా కారును అడుగు ముందుకు పోనిచ్చి మళ్లీ ఆపి చూడండి. రోలర్లు కొత్త చోట ఆగాక వణుకు తీరు మారితే జాయింటు బిగుతే కారణం కావచ్చు. మారకపోతే మౌంటింగులు. పని చేసేటప్పుడు వాటిని వదులు చేసి ఉంటే, ఇంజన్‌కు కింద ఆధారం పెట్టి, బోల్టులు సడలించి, ఇంజన్‌ను చేత్తో అటూ ఇటూ ఊపి అది తన చోట నిలిచాక టార్కు ప్రకారం మళ్లీ బిగించండి. మెలిపడిన రబ్బరు వణుకును ఆపదు.

కొన్ని కార్లలో గేర్‌బాక్సుకు దూరంగా ఉన్న చక్రం వైపు షాఫ్టు రెండు ముక్కలుగా ఉంటుంది, దానిలో మధ్య బేరింగు, దాని బ్రాకెట్టు ఉంటాయి. బ్రాకెట్టు బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలోనే బిగించాలి. లేకపోతే షాఫ్టు వంగి కూర్చుంటుంది.

వెనుక చక్రాల బండి: పొడవాటి షాఫ్టు

ఇక్కడ పని సూక్ష్మం, ఓపిక ఎక్కువ కావాలి.

షాఫ్టు విప్పకముందు రెండు చివర్లా ఫ్లాంజి మీద, షాఫ్టు మీద గీత గీశారా? గీసి ఉంటే ఆ గీతలు ఇప్పుడు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. గీయకపోతే, లేదా షాఫ్టే కొత్తదైతే, వెనుక బోల్టులు తీసి షాఫ్టును ఫ్లాంజి మీద అర్ధచుట్టు తిప్పి బిగించి నడపండి. తయారీలో మిగిలిన చిన్న చిన్న వంకరలు ఒక స్థానంలో కూడుతాయి, ఎదురు స్థానంలో కొట్టుకుపోతాయి. ఖర్చు లేని చికిత్స కాబట్టి నేనైతే అన్నిటికంటే ముందు ఇదే చేస్తాను.

జారే స్ప్లైన్ ఉన్న షాఫ్టును మధ్యలో వేరు చేసి కలిపి ఉంటే, ముందు వెనుక క్రాసులను పట్టుకునే చెవులు ఒకే తలంలో ఉన్నాయా చూడండి. క్రాస్ జాయింటు కోణంలో తిరిగేటప్పుడు బయటకు వెళ్లే వేగం చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండో జాయింటు దాన్ని సరిచేయాలి. చెవులు ఒక పన్ను పక్కకు తప్పినా సరిచేయడం అరకొరగా జరిగి అదురు మిగులుతుంది. ఒకే ముక్క షాఫ్టులో చెవులు సాధారణంగా ఒకే తలంలో ఉంటాయి. రెండు ముక్కల షాఫ్టులో తయారీదారు వేరుగా పెట్టి ఉండవచ్చు, మాన్యువల్ బొమ్మ చూడకుండా మార్చకండి.

క్రాసులు కొత్తగా వేసి ఉంటే షాఫ్టును విప్పి, జాయింటును రెండు వేళ్లతో అన్ని వైపులా తిప్పండి. ఎక్కడా ఆగకుండా, గాడిలో పడినట్టు తగలకుండా నున్నగా కదలాలి. క్రాసు చివర ఉండే కప్పును నొక్కేటప్పుడు లోపలి బేరింగు సూది ఒకటి పడిపోయి అడ్డం తిరిగితే కప్పు పూర్తిగా దిగదు, సర్క్లిప్ గాడిలోకి రాదు. అక్కడ ఇంకా గట్టిగా నొక్కేవాళ్లుంటారు. నొక్కకండి, కప్పు తీసి సూదులు లెక్కపెట్టండి. సర్క్లిప్పులన్నీ కూర్చున్నా జాయింటు బిగుతుగా ఉంటే చెవి మీద మెత్తటి లోహపు సుత్తితో ఒకటి తట్టండి, కప్పు కాస్త వెనక్కి జరిగి వదులవుతుంది.

కారు కదిలేటప్పుడు, 10 నుంచి 40 కిలోమీటర్ల లోపల గడగడలాడి తర్వాత సర్దుకుంటే మధ్య బేరింగునూ కోణాలనూ చూడాలి. బేరింగు చుట్టూ ఉన్న రబ్బరు నిటారుగా నిలబడాలి, ముందుకో వెనుకకో లాగినట్టు ఉండకూడదు. బ్రాకెట్టు కింద పాత పలకలు, వాషర్లు ఉంటే అవి మళ్లీ చేరాయా? అక్కరలేనివని పక్కన పెట్టే ఆ రెండు పలకలే కోణాన్ని నిర్ణయించేవి.

కోణం కొలవడానికి అంకెలు చూపే కోణమాపకం చాలు. చక్రాల మీద కారు బరువు ఉండాలి, అంటే గొయ్యి మీదో చక్రాల కింద ర్యాంపులతోనో. చక్రాలు వేలాడుతుంటే వచ్చే అంకెలు పనికిరావు. గేర్‌బాక్సు వెనుక ఫ్లాంజి, షాఫ్టు గొట్టం, డిఫరెన్షియల్ ముందు ఫ్లాంజి, ఈ మూడింటి వాలు రాసుకోండి. గేర్‌బాక్సు వెనక్కి 4 డిగ్రీలు వాలి, షాఫ్టు 6 డిగ్రీలు, డిఫరెన్షియల్ ఫ్లాంజి 4.3 డిగ్రీలు అదే వైపు వాలాయనుకోండి. ముందు జాయింటు కోణం 2, వెనుకది 1.7. తేడా 0.3. బాగున్నట్టే. ఒక్కో జాయింటు కోణం 3 డిగ్రీల లోపు, రెండింటి తేడా ఒక డిగ్రీ లోపు ఉండటం సాధారణంగా పాటించే హద్దు. అలాగని సున్నా కూడా మంచిది కాదు. కాస్తయినా కోణం లేకపోతే సూదులు కదలకుండా ఒకేచోట గుంత చేస్తాయి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండ్లలో ఈ లెక్క తప్పడం చాలా మామూలు, వాటిలో ఎన్ని షాఫ్టులు మార్చినా వణుకు పోదు.

కోణాలు సరిగా ఉండి, వేగంతో పాటు అదురు పెరుగుతుంటే వంకర చూడండి. డయల్ గేజిని (సన్నటి వంకరను కొలిచే పరికరాన్ని) గొట్టానికి తగిలించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పుతూ ముందు, మధ్య, వెనుక మూడు చోట్ల కొలవండి. మాన్యువల్ అంకె దొరకకపోతే ఒక మిల్లీమీటరు దాటితే అనుమానించవచ్చు. గేజి మొన తగిలే చోట పెయింటు, తుప్పు గీకేయాలి. గొట్టం మీద నొక్కు ఉందా, బ్యాలెన్స్ ముక్క ఊడిన వెల్డింగ్ చుక్కలు ఉన్నాయా కూడా చూడండి.

వంకర లేకపోతే మిగిలింది బ్యాలెన్స్. యంత్రం మీద పెట్టించే ముందు అది నిజంగా బ్యాలెన్స్ లోపమేనా అని హోస్ క్లిప్పులతో తేల్చుకోవచ్చు. గొట్టం వెనుక చివర చుట్టూ సమాన దూరంలో 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టండి. స్క్రూ తల 1 మీద ఉండేలా ఒక క్లిప్పు బిగించి నడపండి, తర్వాత 2, 3, 4. ఎక్కడ అదురు తక్కువో అక్కడ రెండో క్లిప్పు కూడా చేర్చండి. ఇంకా తగ్గితే సరే. పెరిగితే రెండు తలలనూ ఆ గుర్తుకు చెరో వైపు కొద్ది కొద్దిగా జరుపుతూ పోండి. క్లిప్పు తోక కత్తిరించాలి, తల ఎక్కడా బాడీకి తగలకూడదు, ప్రతిసారీ బిగుతు చూడాలి. ఏ గుర్తు దగ్గరా తేడా రాకపోతే బ్యాలెన్స్ కారణం కాదు, మళ్లీ కోణాల దగ్గరకు వెళ్లండి. తేడా వస్తే షాఫ్టును బ్యాలెన్సింగ్ చేసేవారికి ఇవ్వండి. క్లిప్పు స్థానం ఎక్కడుందో వారికి చెప్పి, తీసేశాకే యంత్రం మీద పెట్టమనండి.

కారును లిఫ్టు మీద ఎత్తి గేరు వేసి చక్రాలు తిప్పి చూడటం కొందరికి అలవాటు. సస్పెన్షన్ వేలాడుతున్నప్పుడు జాయింట్లు ఎన్నడూ లేని కోణంలో తిరుగుతాయి, కాబట్టి అక్కడ కనిపించే వణుకు రోడ్డు మీది వణుకు కాదు. ఒక చక్రమే గాలిలో ఉంటే అది స్పీడోమీటరు చూపే వేగానికి రెట్టింపు తిరుగుతుంది. ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి.

షాఫ్టు వెనక్కి ఇవ్వాల్సి వస్తే

అమ్మినవారితో వాదించడానికి మాటల కంటే కొలతలు పనికొస్తాయి. పాత, కొత్త షాఫ్టుల పక్కపక్క ఫోటో, పొడవు, డ్యాంపరు ఉందో లేదో, ఏ వేగంలో సెకనుకు ఎన్ని వణుకులు, ముందు వెనుక చక్రాలు మార్చినా తగ్గలేదన్న మాట, డయల్ గేజి అంకె. ఇవి చూపిస్తే చక్రాలు చూసుకోండి అనే జవాబు రాదు. పాత షాఫ్టును మాత్రం కొత్తది నిలకడగా నడిచేదాకా ఇచ్చేయకండి. పోల్చడానికి అంతకంటే నమ్మకమైన కొలబద్ద మీ దగ్గర ఉండదు.

ఏ మార్పు చేసినా ఒక్కటే చేసి, అదే రోడ్డు మీద, అదే వేగంలో నడిపి, రాసుకుని, ఆ తర్వాతే రెండోది చేయండి. చక్రాలు మార్చి, ఫ్లాంజి తిప్పి, క్లిప్పు వేసి ఒకేసారి బయలుదేరితే వణుకు పోయినా ఎందుకు పోయిందో తెలియదు.

వణుకు పోయాక వంద కిలోమీటర్ల లోపు ఒకసారి చక్రం నట్లను టార్క్ రెంచితో చూడండి. అప్పుడే బూట్ల క్లిప్పుల దగ్గర, గేర్‌బాక్సు సీలు చుట్టూ శుభ్రమైన గుడ్డతో తుడవండి. గుడ్డకు కొత్త గ్రీజు అంటితే క్లిప్పు బిగుతూ, నూనె అంటితే జాయింటు కూర్చున్న తీరూ మళ్లీ చూడాలి.